నరహరన్న చెమట చుక్క

“మూడు నెలల్లో మూడు జిల్లాలను చెమటలో ముంచి తేలుస్తాను!”

శ్రీ బైరి నరహరి గారు మహబూబాబాద్ మార్కెట్ యార్డులో ఈ శపథం చేసినప్పుడు నేను మొదటి వరసలో ఉన్నాను. అది నా హోదా వల్ల దక్కిన కుర్చీ కాదు. ఆ రోజు పంచబోయే ఫోన్లకు స్క్రీన్ గార్డులు అతికించే పని నాకు అప్పగించారు. స్టేషన్ రోడ్డులో శ్రావణ్ మొబైల్స్ నాదే. పత్రికల వాళ్లు ఈ మహోద్యమం గురించి ఒక ఫొటో వేసి, నాలుగు ముక్కలు రాసి ఊరుకున్నారు. లోపలి సంగతులు రాయాలంటే ఫోన్ లోపల చూసినవాడే రాయాలి. అందుకని నేను రాస్తున్నాను.

నరహరన్నకు పార్టీ ఏదో ఒక పెద్ద పదవి ఇస్తుందని మేమంతా పదేళ్లుగా ఎదురుచూశాం. చివరికి ఇచ్చింది. నడవమంది. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాల “నడక మిషన్”కు ఆయనే ఛైర్మన్. ఆ పదవికి ఆయన కన్నా తగినవాడు ఎవరున్నారు? కొడకండ్లలో ఆయనకు రైస్ మిల్లుంది, మూడంతస్తుల ఇల్లుంది, ఆ ఇంట్లో లిఫ్టుంది. కారు దిగి వేదిక ఎక్కే సరికే ఆయన ఆయాసపడుతుంటే, ఆ ఆయాసంలో కూడా నాకు ప్రజాసేవే కనిపించింది.

మిషన్ సంగతి చాలా సులువు. ప్రతి ఆశా కార్యకర్తకూ ఒక ఫోను, ఆ ఫోనులో “అడుగు” అనే యాప్. రోజుకు ఎనిమిది వేల అడుగులు నడవాలి. ముందు వాళ్లు నడిస్తే వాళ్లను చూసి ఊళ్లు నడుస్తాయని నరహరన్న సిద్ధాంతం. మరిపెడ దగ్గర ఒక తండాలో పనిచేసే రామి అనే ఆశా కార్యకర్త చేయి ఎత్తింది.

“సారూ, పొద్దుగాల లేస్తె పొద్దుమీకెదాక మేం తండాలు తిరుగుడే గదా. మల్ల నడుసుడేంది?”

నరహరన్న కరుణతో నవ్వాడు. “గది డ్యూటీ రామమ్మా. గిది వ్యాయామం. డ్యూటీల ఏసిన అడుగులు లెక్కకు రావు. డ్యూటీ అయినంక యాప్ ఒత్తి నడువాలె. డ్యూటీల నడిస్తె సర్కారుకు లాభం, వ్యాయామంల నడిస్తె నీకు లాభం. నీ లాభం కోసం సర్కారు నిన్ను బలవంతపెడుతున్నది.”

చప్పట్లు మోగాయి. నేనూ కొట్టాను.

“ఇంకో ముచ్చట. ఫోను ఒంటికి ఆనుకోని ఉండాలె. ఇంట్ల పెట్టుడు, పోరగాండ్లకిచ్చుడు, మేకలకు గట్టుడు, అసుమంటి అక్రమాలను ఈ నరహరి సహించడు.”

“మరి ఏడ పెట్టుకోవాలె సారూ?” అంది రామి.

“జేబుల.”

“చీరెకు జేబెక్కడిది సారూ?”

నరహరన్న తన పక్కనున్న నోడల్ ఆఫీసర్ నీరజ మేడం వైపు చూశాడు. నీరజ మేడం వెంటనే ఫైలు తెరిచి, “చీర, జేబు: పరిశీలించవలెను” అని రాసుకున్నారు. ఆ సమస్య అక్కడితో తీరిపోయింది. ఆశా కార్యకర్తలు ఎవరికి వాళ్లు ఫోన్లను రవికెలోనో, నడుముకు కట్టుకునే బొడ్ల సంచిలోనో దోపుకుని నడక మొదలుపెట్టారు. అది ఏప్రిల్ నెల. మా వైపు ఏప్రిల్ ఎట్లా ఉంటుందో తెలియనివాళ్లు మధ్యాహ్నం ఒంటిగంటకు డోర్నకల్ జంక్షన్‌లో ప్యాసింజర్ కోసం ఒకసారి నిలబడి చూడాలి.

మొదటి రోజే నరహరన్న ఇరవై ఒక్క వేల నాలుగు వందల అరవై అడుగులు వేశాడు. రెండో రోజు ఇరవై ఒక్క వేల నాలుగు వందల యాభై ఐదు. ఆయన పి.ఎ. రాజీవ్ రోజూ సాయంత్రం ఆ అంకెను వాట్సాప్ గ్రూపులో పెట్టేవాడు. దాని కింద మేమంతా దండాలు పెట్టేవాళ్లం.

రెండు వారాలకల్లా నా షాపు జాతరైపోయింది.

చెమట నీళ్లలాంటిది కాదు. నీళ్లు పడితే ఫోను ఒక్కసారే పోతుంది, ఏడ్చి ఊరుకుంటాం. చెమటలో ఉప్పుంటుంది. అది మైకు రంధ్రంలోంచి, ఛార్జింగ్ పెట్టే సందులోంచి మెల్లగా లోపలికి చేరి, ఎలుక గోనెసంచిని కొరికినట్టు రోజుకింత కొరుకుతుంది. ఒక ఫోనుకు స్పీకరు పోయింది. ఒక దానికి ఛార్జింగ్ సందు పచ్చగా పాచి పట్టింది. కొన్నింటికి తెర మీద వేలు పెట్టకుండానే అవే నొక్కుకుని, అవే ఫోన్లు చేయడం మొదలుపెట్టాయి. మిషన్ ఫోన్లన్నిటిలో మొదటి నెంబరు ఛైర్మన్ గారిదే. ఒక్క రోజులో నరహరన్నకు నాలుగు వందల కాల్స్ వెళ్లాయి, ఎత్తితే అవతల ఎవరూ మాట్లాడరు. తన మీద అభిమానంతో జనానికి గొంతు పెగలడం లేదని ఆయన రాజీవ్‌తో అన్నాడట.

ఒకామె ఫోన్‌ను మిర్చి కల్లంలో కాయల నడుమ ఎండబెట్టి తెచ్చింది. “తమ్మీ, ఇప్పుడు మంచిగనే మోగుతాంది గాని, చెవుల పెట్టుకుంటె తుమ్ములొస్తున్నయి” అంది. దాన్ని విప్పినందుకు ఆ పూటంతా నేనూ తుమ్మాను.

ఆ వారంలోనే రామి వచ్చింది. ఫోన్‌ను కొంగుతో తుడిచి బల్ల మీద పెట్టింది.

“వాళ్ల మాట నాకు వినొస్తాంది. నా మాట వాళ్లకు వినొస్తలేదు తమ్మీ. తండాల లతకు తొమ్మిదో నెల. మొన్న ఫోన్ చేసి ‘అక్కా, అక్కా’ అంటాంది. నేనిక్కడ మొత్తుకుంటున్న, ఆమెకు వినొస్తలేదు. పోయినేడు దాని మొదటి కాన్పు ఆగమైంది. బిడ్డ దక్కలే. ఈసారి నొప్పులు రాంగనె నాకే ఫోన్ చేస్తనని పట్టు పట్టింది. ఫోను గిట్లుంటె ఎట్ల?”

“అందాక ఎట్ల చేస్తున్నవ్ అక్కా?”

“పొద్దున ఒకపారి, మాపున ఒకపారి ఇంటికి పోయి చూసొస్తున్న. ఆ నడక సుత లెక్కకు రాదంట.”

ఫోన్ విప్పి చూశాను. మైకు తుప్పు పట్టింది. దాని పక్కన స్టిక్కరు ఎర్రగా ఉంది.

ఈ స్టిక్కరు గురించి చెప్పాలి. ప్రతి ఫోన్ లోపల, సిమ్ పెట్టే సందులో, నువ్వుగింజంత తెల్ల స్టిక్కరు ఒకటి ఉంటుంది. తడి తగిలితే ఎర్రబడుతుంది. ఎంత ఎండబెట్టినా మళ్లీ తెల్లబడదు. తయారు చేసినవాళ్లు దాన్ని ఎందుకు పెట్టారంటే, రేపు ఫోన్ పాడైతే “తప్పు మాది కాదు, నీది” అని చెప్పడానికి. మొత్తం ఫోన్‌లో అంత బాగా పనిచేసే భాగం ఇంకొకటి లేదు.

“నీళ్లల్ల పడేసినవని అంటది ఈ చుక్క” అన్నాను.

“నీళ్లేడియి తమ్మీ? చెమట.”

“చుక్కకు తేడా తెల్వదక్కా.”

మైకు మారిస్తే ఫోన్ బాగవుతుంది, ఆ ముక్క వరంగల్ నుంచి రావాలి, వారం పడుతుందని చెప్పాను. ఆమె ఫోన్‌ను నా దగ్గర వదిలి, బస్టాండు దాకా నడిచి వెళ్లింది.

ఇక మిషన్ ఊరుకుందా? నీరజ మేడం చురుకైన అధికారి. వరసగా మూడు సర్క్యులర్లు ఇచ్చారు. “ఆశా కార్యకర్తలు చెమట పట్టకుండా నడవవలెను” అన్నది మొదటిది. మిషన్ లక్ష్యమే చెమట కదా అని ఎవరో గుర్తు చేయడంతో, “చెమట పట్టవలెను, కానీ అది ఫోన్ ఉన్న వైపు రాకుండా చూసుకొనవలెను” అని రెండోది వచ్చింది. మూడో దానితో పాటు నరహరన్న బొమ్మ ఉన్న ప్లాస్టిక్ కవర్లు పంచారు. ఆ కవర్లలో ఫోన్లు ఇడ్లీల్లా ఉడికాయి. తడి లోపలికి పోయిందేమో కాని, నరహరన్న బొమ్మ మాత్రం చెక్కుచెదరలేదు.

అప్పుడు నన్ను జనగామ మిషన్ ఆఫీసుకు పిలిపించారు, “టెక్నికల్ ఎక్స్‌పర్ట్” హోదాలో. వెళ్లేసరికి బల్ల మీద వడ్లలో తేమ చూసే యంత్రం ఉంది. యాసంగి వడ్ల కొనుగోళ్ల రోజులు. కొనుగోలు కేంద్రంలో రైతు వడ్లను ఆ యంత్రం గిన్నెలో పోసి, పదిహేడు శాతం లోపు తేమ ఉంటేనే తీసుకుంటారు. ప్రభుత్వానికి తడి కొలవడం ఒక్కటే విధంగా వచ్చు. పాపం, అదే విధంగా కొలవబోయారు.

“మిస్టర్ శ్రావణ్, ఫోన్‌లో మాయిశ్చర్ ఎంత పర్సెంట్ వరకు అలవెన్స్ ఇవ్వొచ్చు? సెవెంటీన్ ఓకేనా?” అన్నారు నీరజ మేడం.

“మేడం, ఫోన్ ఈ గిన్నెల పట్టది.”

“పట్టే ఫోన్లు మనం ప్రొక్యూర్ చేయలేదా?” అని ఆమె గుమాస్తా వైపు తిరిగారు. ఆయన ఫైలు వెతకడం మొదలుపెట్టాడు.

మీటింగ్ రెండు గంటలు సాగింది. చివరికి ఒక మార్గం దొరికింది: ఫోన్‌ను వడ్ల కుప్పలో పొద్దంతా పాతిపెట్టాలి, సాయంత్రం ఆ వడ్ల తేమ చూడాలి. వడ్లు పాసైతే ఫోన్ పాసైనట్టే. కొడకండ్ల దగ్గర సారయ్య అనే రైతు కుప్పలో అరవై ఫోన్లు పాతారు. తెల్లారి ఆయన కేంద్రానికి పోతే వడ్లు పద్దెనిమిది చూపించాయని వాపస్ పంపారు.

“నా వడ్లు పదహారే ఉండె. ఆశా వర్కర్ల చెమట వట్టింది సారూ” అని ఆయన మొత్తుకున్నాడు. అట్లాంటి కాలమ్ ఫారంలో లేదు.

ఫెయిలైన ఫోన్లను వడ్ల మాదిరే ఎండబెట్టమన్నారు. మరిపెడ రోడ్డు మీద సగం దాకా టార్పాలిన్లు పరిచి, గాలికి ఎగిరిపోకుండా అంచులకు రాళ్లు పెట్టి, నడుమ ఫోన్లు ఆరబోశారు. మధ్యమధ్యలో ఒకామె వచ్చి, వడ్లను కాలితో తిరగేసినట్టు, వాటిని చేత్తో తిరగేసి పోయేది. నడి ఎండలో కొన్ని ఫోన్లు మోగాయి. ఏది ఎవరిదో తెలియక అటు పోయే ఆర్టీసీ డ్రైవరు బస్సాపి ఒకటి ఎత్తి, “ఆ, చెప్పుండ్రి” అన్నాడట.

ఈ ప్రయోగం తర్వాత ఫోన్లు పూర్తిగా చచ్చాయి. అప్పుడు నీరజ మేడంకు ఎవరో ఆ స్టిక్కరు సంగతి చెప్పారు. ఎవరో ఏమిటి, నేనే చెప్పాను. ఎక్స్‌పర్ట్ అని పిలిచాక ఏదో ఒకటి చెప్పాలి కదా. ఇంత చిన్న చుక్కలో ఇంత న్యాయం ఉందా అని ఆమె కళ్లు మెరిశాయి. తెల్లారే ఉత్తర్వు వచ్చింది: “స్టిక్కరు ఎర్రబడిన పక్షంలో సదరు ఉద్యోగి ప్రభుత్వ ఫోన్‌ను నిర్లక్ష్యంతో తడిపినట్టు భావించి, పేరు తొలగించబడును. మహబూబాబాద్‌లో మే ఇరవై ఐదున బహిరంగ తనిఖీ. మొదటి విడత మరిపెడ వైపు ఎనభై మూడు మంది.”

ఉత్తర్వు కాగితం పట్టుకుని రామి మళ్లీ వచ్చింది. ఈసారి కూర్చోలేదు.

“ఈ చుక్క తెల్లగ జెయ్యరాదు తమ్మీ?”

“కాదక్కా. విడిగ ఆ స్టిక్కర్లు దొరకయి.”

“నాకు ఇల్లు గడవది, గది ఒక ముచ్చట. నన్ను తీసేస్తె ఇంకో ఊరామెను ఏస్తరు. లత మా లంబాడి భాష తప్ప సక్కగ తెలుగు మాట్లాడది. కొత్తామె ముంగట నోరు తెరువది. పోయిన కాన్పుకు గదే అయింది, నేను ట్రైనింగ్ అని పోయిన, ఆ పూటనే నొప్పులొచ్చినయి.” ఆమె నా వైపు చూడకుండా, బల్ల మీద విప్పి పెట్టిన తన ఫోన్ వైపే చూస్తూ అంది. “జర సూడు తమ్మీ.”

చూస్తానన్నాను. ఏం చూడాలో నాకు తెలియదు.

తనిఖీకి రెండు రోజుల ముందు భూపాలపల్లిలో నరహరన్న పత్రికల వాళ్లతో మాట్లాడాడు. పక్కనే నీరజ మేడం తెర మీద ఆయన నడక గ్రాఫు చూపించారు. “రోజూ ఎనిమిది గంటలు, ఒకే స్పీడు, ఒకే రిథమ్! రెండు రోజులు మాత్రం జీరో ఉంది. ఆ రెండు రోజులూ కొడకండ్లలో కరెంటు లైన్ల రిపేరు. ప్రజలు చీకట్లో ఉంటే నాయకుడు ఎట్లా నడుస్తాడు? ఆయన సెన్సిటివిటీ అది.” ఎక్స్‌పర్ట్‌గా వెంట వెళ్లిన నా కళ్లు చెమర్చాయి. అప్పుడు కుమార్ అనే ఒక విలేకరి లేచాడు.

“అన్నా, ఎనిమిది వేలు నడిసినోళ్ల ఫోన్లన్ని తడిసి ఖరాబైనయి. మీరు ఇరవై ఒక్క వేలు నడిసిండ్రు. మీ ఫోన్ ఎట్ల మంచిగున్నది? మీ చుక్క ఏ రంగున్నది?”

నరహరన్న “ఇరవై ఐదు తారీకు చూపిస్త” అని గంభీరంగా లేచి వెళ్లిపోయాడు.

మరునాడు పొద్దున్నే రాజీవ్ నా షాపు షట్టరు సగం దించి, లోపలికి వంగి వచ్చాడు. జేబు రుమాలులో చుట్టిన ఫోన్‌ను దేవుడి పటంలా బల్ల మీద పెట్టాడు.

“శ్రావణూ, అన్న ఫోన్ల చుక్క ఎర్రగ గావాలె.”

“చుక్కెడు నీళ్లు పోస్తె అయితది గదన్నా.”

“అరె, నీళ్లు పొయ్యద్దు! ఇందుల ఏమేం ఉన్నయో నీకేమెరుక? ఇది తడిస్తె మూడు జిల్లాలు తడుస్తయి. ఫోన్ తడవద్దు, చుక్క మాత్రం ఎర్రగుండాలె.”

“మరి ఎర్రగుంటె నిర్లక్ష్యమని ఉత్తర్వుంది గదా?”

“ఉత్తర్వు ఉద్యోగులకు. అన్నకు గాదు.”

ఫోన్ విప్పాను. చుక్క మల్లెపూవులా ఉంది. యాభై రోజుల్లో పది లక్షల అడుగులు వేసిన ఫోన్‌లో చెమట జాడ లేదు, ఉప్పు లేదు, తుప్పు లేదు. కానీ సందు సందునా మెత్తగా, గోధుమరంగులో ఏదో పేరుకుని ఉంది. వేలితో తీసి వాసన చూశాను. తవుడు. గొప్పవాళ్ల చెమట ఆరితే తవుడవుతుందని నాకు ఆ రోజే తెలిసింది. రాజీవ్ గోడ మీది క్యాలెండరు చదువుతూ నిలబడ్డాడు. నేను బ్రష్షుతో ఆ తవుడంతా శ్రద్ధగా దులిపాను.

దూదికి తడి అద్ది చుక్కకు తాకిస్తే పని అయిపోయేది. కానీ పక్కనే రామి ఫోన్ ఉంది. వారమన్న మైకు వరంగల్ నుంచి నెల దాటాక వచ్చింది, అప్పుడే బిగించాను, ఫోన్ బాగా పలుకుతోంది. దానికి ఉన్న లోపమల్లా ఆ ఎర్ర చుక్క ఒక్కటే. ఇటు తెల్ల చుక్క వద్దంటున్న ఫోను, అటు ఎర్ర చుక్క వద్దంటున్న ఫోను. రెండూ ఒకే కంపెనీ, ఒకే మోడలు, ఎందుకంటే మొదటి రోజు పంచిన వాటిలోంచే నరహరన్నా ఒకటి తీసుకున్నాడు.

సన్న చిమటా తీసుకున్నాను. వేడి గాలి కొంచెం తగిలించి, రామి చుక్కను నరహరన్న ఫోనులోకి, నరహరన్న చుక్కను రామి ఫోనులోకి మార్చాను. ఒకే దెబ్బకు రెండు పిట్టలు. నాయకుడి పరువు నిలిచింది, ఒక తండా దిక్కూ నిలిచింది. నా తెలివికి నాకే ముచ్చటేసింది. నరహరన్నకు ఇంకో ఎనభై రెండు ఫోన్లుంటే మిగతావాళ్లందరినీ కూడా కాపాడేవాణ్ణి.

సాయంత్రం రామి వచ్చి ఫోన్ తీసుకుంది. తెల్ల చుక్క చూపించాను. ఆమె నా తల మీద చేయి పెట్టి, “నీ కడుపు సల్లగుండ” అంది.

ఇరవై ఐదున ఫంక్షన్ హాలులో తనిఖీ. వేదిక మీద నాలుగు కూలర్లు, నాలుగూ నరహరన్న వైపే తిరిగి ఉన్నాయి. పెళ్లిళ్లలో తలంబ్రాలు చూపించే పెద్ద తెర మీద చుక్కల్ని చూపించే ఏర్పాటు చేశారు. టెక్నికల్ ఎక్స్‌పర్ట్‌నని నాకు శాలువా కప్పి వేదిక మీదే కూర్చోబెట్టారు. ఎనభై రెండు మంది వచ్చారు. రామి రాలేదు. ఒక్కొక్కరూ వచ్చి ఫోన్ ఇచ్చారు, నేను సిమ్ సందు లాగి కెమెరా కింద పెట్టాను. ఎరుపు. ఎరుపు. ఎరుపు. చూపించినామె చూపించినట్టే పోయి తల వంచుకుని కూర్చుంది.

నీరజ మేడం తొలగింపు జాబితా చేతిలోకి తీసుకున్నారు. అప్పుడే కుమార్ లేచాడు.

“మేడం, ముందుగాల ఛైర్మన్ సారు ఫోన్ చూపియ్యాలె.”

నరహరన్న ఈ మాట కోసమే ఎదురుచూస్తున్నాడు. చిరునవ్వుతో లేచి, ఫోన్ నా చేతికి అందించాడు. నేను సందు లాగాను. తెర నిండా ఎర్ర చుక్క, పండిన మిరపకాయ రంగులో. కార్యకర్తలు ఈలలు వేశారు. “చెమటోడ్చిన నాయకుడు నరహరన్న జిందాబాద్!” అని హాలు దద్దరిల్లింది. కుమార్ కూర్చున్నాడు.

నీరజ మేడం మాత్రం తన చేతిలోని ఉత్తర్వు చూసుకున్నారు. ఎర్ర చుక్క నిర్లక్ష్యం. తెర మీద ఉన్నది ఛైర్మన్ చుక్క. ఆమె ఒక గ్లాసు మంచినీళ్లు తాగారు. రాష్ట్రంలో అధికారులు ఎందుకు అధికారులయ్యారో నాకు ఆ క్షణంలో అర్థమైంది. గ్లాసు కింద పెట్టేలోపు ఆమె మొహం వెలిగిపోయింది.

“మిత్రులారా! ఈ ఎర్ర చుక్క నిర్లక్ష్యం కాదు. ఇది శ్రమకు ముద్ర! చెమట పట్టిన శరీరానికి సైంటిఫిక్ ఎవిడెన్స్! మన ఛైర్మన్ గారి బాటలో నడిచి ఈ ముద్ర సాధించిన ఎనభై రెండు మంది సోదరీమణులకు సన్మానం!”

జాబితా అదే. పైన రాసి ఉన్న “తొలగింపు” మాట కొట్టేసి పెన్నుతో “సన్మానం” అని రాశారు. ఏడవడానికి సిద్ధమై వచ్చిన ఆడవాళ్లు శాలువాలు కప్పుకుని ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. నరహరన్న ఫోన్‌ను మిషన్ ఆఫీసులో శాశ్వతంగా ప్రదర్శించడానికి ఒక గాజుపెట్టె తెచ్చారు. అంత తొందరగా ఎట్లా తెచ్చారంటే, పార్టీ వాళ్లు ఆయన కోసం తెచ్చిన జ్ఞాపిక దానిలోనే ఉంది, జ్ఞాపిక తీసి ఫోన్ పెట్టారు. తాళం వేశారు. తాళంచెవి రాజీవ్ తీసుకున్నాడు.

అందరూ లేవబోతుండగా తలుపు దగ్గర అలికిడైంది. రామి వచ్చింది. ఆమెను ఆ రూపంలో నేను ఎప్పుడూ చూడలేదు. చీర ఒంటికి అతుక్కుపోయింది. జుట్టు, చెంపలు, మోచేతులు, అన్నిటి నుంచీ చెమట కారుతోంది. ఆమె నడిచి వచ్చిన దారంతా నున్నటి టైల్స్ మీద తడి అడుగులు పడ్డాయి.

“ఆలిశమైంది మేడం, ఏమనుకోకుండ్రి. పొద్దుగాల లతకు నొప్పులొచ్చినయి, నాకు ఫోన్ చేసింది. ఆటో కాలువ కాడ ఆగిపోయింది. భుజం మీద ఏసుకోని రెండు కిలోమీటర్లు నడిపిచ్చిన, అటెన్క నూటెనిమిది బండి అందింది. ఆడపిల్ల. ఇద్దరు మంచిగున్నరు.”

ఆమె మొహంలో అంత సంతోషం ఉంది. ఫోన్ బాగుచేసిన చేతులు నావే కదా అనుకున్నాను. ఆమె బొడ్ల సంచి విప్పి, ఫోన్ తీసి, కొంగుతో తుడవబోయింది. కొంగు కూడా తడిగానే ఉంది. నా వైపు చూసి నవ్వి, ధైర్యంగా నీరజ మేడంకే అందించింది.

నేను “మేడం, టైం అయింది గదా, వదిలేద్దాం” అన్నాను.

“రూల్ ఈజ్ రూల్” అని ఆమె తనే సందు లాగి కెమెరా కింద పెట్టారు.

తెర నిండా తెల్ల చుక్క. చెమట అంత లోపలికి దిగడానికి ఒక్క పూట చాలదు మరి.

నీరజ మేడం యాప్ తెరిచి చూశారు. “ఫోన్ పనిచేసిన రోజులన్నిట్లో ఎనిమిది వేల అడుగులు ఉన్నాయి. ఈ రోజు జీరో.”

“ఇయ్యాల డ్యూటీల నడిసిన మేడం. గది లెక్కకు రాదన్నరు గదా.”

“ఎనభై రెండు మందికి పట్టిన చెమట, స్వయంగా ఛైర్మన్ గారికి పట్టిన చెమట, నీ ఒక్కదానికే ఎందుకు పట్టలేదు? ఇన్ని అడుగులు, ఒక్క చుక్క చెమట లేదు! నిజం చెప్పు, ఫోన్ ఎక్కడ కట్టావ్? మేకకు కట్టావా? మోటారుకు కట్టావా?”

మోటారు అన్న మాటకు నరహరన్నకు పొలమారింది. రాజీవ్ నీళ్ల సీసా అందించాడు.

“అడుగులను అక్రమంగా నమోదు చేసినందుకు మూడు రోజుల్లో సంజాయిషీ ఇయ్యాలి. లేకపోతే పేరు తొలగించబడును” అని నీరజ మేడం అక్కడికక్కడే కాగితం రాసి ఇచ్చారు. రామి రెండు చేతులా అందుకుంది. ఆమె గడ్డం మీది చెమట ఆ కాగితం మీద పడుతోంది. అది ఎవరికీ కనపడలేదని నేను అనను. అందరం చూస్తూనే ఉన్నాం. కాని ఎవిడెన్స్ తెర మీద ఉంది.

ఆమె తెర వైపు చూసింది. గాజుపెట్టెలోని ఫోన్ వైపు చూసింది. ఆమె చదివింది పదో తరగతే, కాని లెక్క తేలడానికి ఎంతోసేపు పట్టలేదు. మెల్లగా వేదిక దగ్గరికి వచ్చి, నా కుర్చీ ముందు నిలబడింది.

“తమ్మీ” అంది, నాకు మాత్రమే వినపడేటట్టు. “నా చెమట నాకు వాపసియ్యి.”

“ఏమంటుందిరా ఆమె?” అన్నాడు నరహరన్న, కూలరును ఇంకొంచెం తన వైపు తిప్పించుకుంటూ.

“ఫోన్ మంచిగైందని చెప్తుందన్నా” అన్నాను.

గాజుపెట్టె తాళంచెవి రాజీవ్ జేబులో ఉంది.